చెప్పినట్టే చేశానండి

మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతే, ఆ మాటలో మిగతా సగం ఎక్కడికి పోతుంది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని నేను ఆరేళ్ళ ఉద్యోగం వదిలేశానంటే మా నాన్న ఇప్పటికీ నమ్మరు. అక్కడెవరితోనో గొడవపడి వచ్చేసి ఉంటానని ఆయన అనుమానం. నాకు నోరెక్కువన్న సంగతి ఆయనకు నా చిన్నప్పటి నుంచీ తెలుసు గనక తప్పు పట్టలేను.

నా పేరు నఫీసా. తాడేపల్లిగూడెంలో పరుపులు కుట్టే అబ్దుల్ సలాంగారి పెద్దమ్మాయిని. నర్సింగ్ డిగ్రీ చేశాక కొల్లేటి లోపల గువ్వలంక అనే ఊళ్ళో విలేజ్ క్లినిక్ చూసేదాన్ని. డాక్టరుగారు పదిహేను రోజులకోసారి వచ్చేవారు. మిగతా రోజులన్నీ నేనే. బీపీ, షుగర్, జ్వరాలు, గర్భిణులు, గొంతులో చేపముల్లు ఇరుక్కున్నవాళ్ళు, అందరూ నా దగ్గరికే. ఊరంతా నన్ను డాక్టరమ్మా అని పిలిచేది. కాదు, నర్సునని మొదటి ఏడాది చెప్పి చూశాను. తర్వాత ఊరుకున్నాను. నిజం చెప్పొద్దూ, వినడానికి బాగానే ఉండేది.

రెండేళ్ళ కిందట పింకీ అని ఆ ఊరి అమ్మాయికి కడుపులో కుడిపక్క నొప్పి వస్తే ఏలూరు తీసుకొచ్చాను. ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి, అంటే అపెండిక్స్, వెంటనే కోయాలన్నారు. ఆ పిల్ల నా చెయ్యి వదిలితే ఒట్టు. మత్తు డాక్టర్ స్టెల్లా మేడమ్ విసుక్కుని, "సరే, చేతులు కడుక్కుని టోపీ పెట్టుకుని వచ్చి నిలబడు. నోరు మాత్రం విప్పకు" అన్నారు. నేను విప్పలేదు. పింకీయే విప్పింది. భయం పోవడానికి చింతచిగురు రొయ్యల కూర ఎలా చెయ్యాలో నాకు చెప్పడం మొదలుపెట్టింది. "రొయ్యలు ముందు నీళ్ళు ఇగిరేదాకా వేపాలండి, అప్పుడు చిగురు అరచేతుల్లో నలిపి..." అంది. అంతే. కళ్ళు మూతపడ్డాయి. గంట తర్వాత లేచి నా వంక చూసి, "ఎప్పుడు మొదలుపెడతారండీ?" అని అడిగింది.

 ఆ గంట దానికి లేదు! నిద్రపోయి లేచిన మనిషికి ఎంతో కొంత సేపు గడిచిందన్న ఎరుక ఉంటుంది కదా. దీనికి అదీ లేదు. స్టెల్లా మేడమ్ వెంటపడి కారిడార్‌లో పదకొండు ప్రశ్నలు అడిగాను. ఆవిడ నాలుగింటికి జవాబు చెప్పారు.

"అది నిద్ర కాదమ్మాయ్. నిద్రపోయేవాణ్ణి పిలిస్తే లేస్తాడు. వీళ్ళు లేవరు. ఊపిరి కూడా మనమే తీయించాలి."

"మరి ఆ సేపు వాళ్ళెక్కడుంటారండీ?"

"నాకూ తెలీదు. ముప్ఫై ఏళ్ళ నుంచి పంపుతున్నాను, మళ్ళీ తెస్తున్నాను. మిగతా ఏడు ప్రశ్నలూ కావాలంటే వచ్చి చేరు. అనుభవం ఉన్న నర్సులకు మా దగ్గర మత్తు పని నేర్పుతున్నాం. ఏడాదిన్నర."

చేరిపోయాను. రాజీనామా ఇచ్చి, గువ్వలంకలో నా కుర్చీ వేరే అమ్మాయికి అప్పజెప్పి, ఏలూరు హాస్టల్‌కి పెట్టె సర్దుకున్నాను. మా నాన్న దూది ఏకుతూ ఏకుతూ ఆగి, "నేను పరుపు కుడతాను, నువ్వు పడుకోబెడతావు. ఇద్దరం కలిసి ఒకే బోర్డు పెట్టుకోవచ్చు కదే" అన్నారు. తర్వాత నవ్వు ఆపేసి, "అక్కడ కుదరకపోతే గువ్వలంకలో వెనక్కి తీసుకుంటారా?" అని అడిగారు. తీసుకోరు నాన్నా, అన్నాను.

కుదరకపోవడానికి ఎక్కువ అవకాశమే ఉంది. స్టెల్లా మేడమ్ మొదటి రోజే చెప్పేశారు. ఆరు నెలలయ్యాక ఒక కేసు మొత్తం, ముందు రోజు సాయంత్రం పేషంటును చూడ్డం నుంచి ఆపరేషన్ అయ్యాక లేపడం దాకా, ఆవిడ పక్కన నిలబడి చూస్తూ ఉండగా నేనే చెయ్యాలి. ఆవిడ నా పుస్తకంలో సంతకం పెడితే ఉంటాను. పెట్టకపోతే ఇంటికి.

ఆ ఆరు నెలలూ నేను చిన్నపిల్లనైపోయాను. మొదటి రెండు నెలలు మత్తులో ఉన్న మనిషి గడ్డం పట్టుకోవడం తప్ప ఇంకేమీ చెయ్యనివ్వలేదు. దవడ వెనక వేలు పెట్టి ముందుకు ఎత్తాలి. ఎత్తకపోతే నాలుక వెనక్కి పడి గాలి ఆగుతుంది. ఎత్తగానే గురక ఆగి మెత్తగా గాలి ఆడుతుంది. ఇంత చిన్న వేలికి అంత పనా అని రోజూ ఆశ్చర్యమే. మిషన్ చప్పుడు విని రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పడం నేర్చుకున్నాను. తగ్గేకొద్దీ ఆ కూత బొంగురుపోతుంది. మొదట్లో హాస్టల్‌లో కుక్కర్ కూత విన్నా తలెత్తి చూసేదాన్ని.

ఇంకో పని కూడా చేశాను. చిన్న నోటుబుక్కు కొనుక్కుని, మత్తు ఎక్కే ముందు ఎవరు ఏ మాట మీద ఆగిపోయారో రాసుకోవడం మొదలుపెట్టాను. పెంటపాడు రైతు ఒకాయన "ఆ మోటారు ఆపి వచ్చానో లే" దగ్గర ఆగారు. గణపవరం టీచరుగారు ఇరవై మూడు దాకా లెక్కపెట్టి ఆగారు, అంతవరకూ ఎవరూ వెళ్ళలేదు. ఒక పెద్దావిడ "ఏవండీ, తలుపు" అంది. ఏ తలుపో లేచాక అడిగితే, "నేనలా అన్నానా?" అని నన్నే అడిగింది. మేడమ్ ఒకరోజు ఆ నోటుబుక్కు చూసేశారు. చింపేస్తారనుకున్నాను. అన్ని పేజీలూ తిప్పి, "పేర్లే కాదు, ఊళ్ళు కూడా రాయకు" అని ఇచ్చేశారు.

కానీ ఆవిడకు నా మీద ఒక కంప్లయింటు ఉంది. నేను ఎక్కువ మాట్లాడతానని. ముందు రోజు సాయంత్రం పేషంటు దగ్గర నింపాల్సిన ఫారం ఒకటుంది. ఇరవై రెండు ప్రశ్నలు, ఆవిడ స్వయంగా రాసినవి. వరుసగా అడగాలి, అడిగాకే టిక్కు పెట్టాలి.

"నీకు తెలిసినా అడుగు. తెలిసిందనుకున్నదే ముందు అడుగు. అడక్కుండా ఒక్క టిక్కు పెట్టినా ఆ రోజే బట్టలు సర్దుకోవచ్చు" అనేవారు.

ఊరికే బెదిరించడానికి కాదు. నాకంటే ముందు చేరిన రూబెన్ అనే అబ్బాయిని కట్టుడుపళ్ళ ప్రశ్న అడక్కుండా టిక్కు పెట్టినందుకు పంపేశారు. పేషంటు నోట్లోంచి పళ్ళసెట్టు మేడమ్ చేతికి వచ్చిందట.

నాకు ఆ ఫారం అంటే లోపల్లోపల చులకన. గువ్వలంకలో నా పద్ధతి వేరు. అక్కడ "మాత్ర వేసుకున్నారా?" అని అడిగితే లోకంలో అందరూ వేసుకున్నవాళ్ళే. మనసు నొప్పించడం ఇష్టం ఉండదు ఆ జనానికి. ఎదుటివాళ్ళకి ఏ జవాబు ఇష్టమో అదే చెబుతారు, అదీ "ఆయ్, వేసుకున్నానండి" అని ఎంతో మర్యాదగా. అందుకని నేను నేరుగా అడిగేదాన్ని కాదు. చెప్పాల్సింది చెప్పి, వాళ్ళ చేత తిరిగి చెప్పించేదాన్ని. బడిలో ఎక్కాల్లాగా.

అలా అందరికంటే బాగా అప్పజెప్పే మనిషి దేవదానం బాబాయిగారు. అరవై నాలుగేళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా చేపల చెరువుకి కాపలా. గట్టు మీద పాకలోనే సగం జీవితం. ఒకసారి ఆయన తెల్లారగట్ట షుగర్ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా పడవెక్కి మేత చల్లడానికి వెళ్ళి, తిరిగొచ్చి గట్టు మీద కుప్పకూలిపోయారు. బండి మీద కూర్చోబెట్టి పట్టుకుని తీసుకొచ్చారు. చూస్తే షుగర్ నలభై ఆరు. పంచదార నీళ్ళు పట్టి, సెలైన్ పెట్టి, మనిషి తేరుకున్నాక వాకిట్లో ఊరందరి ముందూ కడిగేశాను. ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక నన్ను మైకులో మాట్లాడమన్నారు. "మాత్ర వేసుకున్నాక ఏం చెయ్యాలి?" అని అడిగాను. "అరగంటలో అన్నం తినాలి" అని ఊరంతా చెప్పింది. అందరికంటే గట్టిగా చెప్పింది దేవదానం బాబాయిగారే.

ఆ తర్వాత నాలుగేళ్ళలో ఆయన ఒక్కరోజు మాత్ర మానలేదు, ఒక్కరోజు అన్నం మానలేదు. ఎప్పుడెదురుపడినా నేను అడక్కముందే, "మాత్ర వేసుకున్నాను, ముద్ద తిన్నానండి, మీరు చెప్పినట్టే చేశానండి" అనేవారు. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయేదాన్నో!

ఆయనకు పిత్తాశయంలో రాళ్ళున్నాయని స్కానింగ్ చేయించిందీ నేనే. ఏడాదిన్నర పాటు ఆపరేషన్ వద్దని మొరాయించారు. చివరికి ఫోన్ చేసి, "డాక్టరమ్మా, మత్తు మీరే ఇస్తానంటే వస్తానండి" అన్నారు. సరిగ్గా నా ఆరు నెలలూ అప్పుడే నిండాయి. స్టెల్లా మేడమ్‌కి చెబితే, "మంగళవారం మొదటి కేసు. నీదే" అన్నారు. నా ఆనందానికి హద్దు లేదు.

సోమవారం సాయంత్రం వార్డుకి వెళ్ళేసరికి దేవదానం బాబాయిగారు మంచం మీద తెల్ల లుంగీలో పెళ్ళికొడుకులా కూర్చుని ఉన్నారు. పక్కన ఆయన భార్య సరోజ పిన్నిగారు క్యారేజీలూ సంచులూ సర్దుతున్నారు.

"ఏవండోయ్, వచ్చారండి మన డాక్టరమ్మగారు" అన్నారు పిన్నిగారు.

"చిక్కిపోయారేంటండీ? ఇక్కడ సరిగ్గా పెట్టట్లేదా?" అన్నారు బాబాయిగారు.

ఇక మాటలు మొదలయ్యాయి. కొత్తగా వచ్చిన అమ్మాయి మంచిదేనట గాని నాలా తిట్టదట. పింకీకి కూతురు పుట్టిందట. ఈ ఏడు కొల్లేట్లో నీళ్ళు తగ్గలేదట, కొంగలు బాగా దిగాయట. మధ్యలో నేను ఫారంలో టిక్కులు పెడుతూనే ఉన్నాను. కట్టుడుపళ్ళు, లేవు, నాకు తెలుసు. ఆయాసం, లేదు, నాకు తెలుసు. బీడీ, మాన్పించింది నేనే. రాత్రి పది తర్వాత ఏమీ తినకూడదు, తాగకూడదు అని మాత్రం గట్టిగా చెప్పాను. పదిహేడో ప్రశ్న: రేపు ఉదయం షుగర్ మాత్ర వేసుకోవద్దని చెప్పారా? దాని దగ్గరికి వచ్చేసరికి పిన్నిగారు ఫోనులో పింకీ కూతుర్ని చూపించారు. అయ్యో, అచ్చం తల్లి పోలికే, ఆ మూతి చూడండి అంటూ టిక్కు పెట్టేశాను. కింద సంతకం చేశాను.

అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. అదీ అసలు భయం. తప్పు చేసేటప్పుడు చెయ్యి వణకనన్నా వణకాలి కదా.

మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకి ఆయన్ని థియేటర్ బయటి గదికి తెచ్చారు. సర్జన్ శ్యామ్ సుందర్‌గారు అప్పటికే చేతులు కడుక్కుంటున్నారు. ఆయన వారానికి రెండు రోజులే వస్తారు, ఆరు కేసులుంటాయి, ఒక్క నిమిషం ఆలస్యమైనా సహించరు. స్టెల్లా మేడమ్ నా వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"దేవదానంగారూ, ఇవాళ ఏమైనా తిన్నారా?" అని ఫారంలో ఉన్నట్టే అడిగాను.

ఆయన నా వంకా మేడమ్ వంకా చూసి, "లేదండి" అన్నారు.

వేలు గుచ్చి షుగర్ చూశాను. రెండు వందల ముప్ఫై ఆరు. వార్డు కాగితంలో ఆరింటికి నూట పద్దెనిమిది అని ఉంది.

"భయానికి పెరుగుతుందమ్మా. మామూలే. ఎక్కించండి టేబుల్ మీదికి" అన్నారు శ్యామ్ సుందర్‌గారు తలుపు దగ్గర నుంచి.

భయానికి పెరిగే మాట నిజమే. కానీ బాబాయిగారి మొహంలో భయమేదీ లేదు. కాళ్ళూపుకుంటూ గోడ మీది గడియారం చూస్తున్నారు. ఖాళీ కడుపుతో రెండున్నర గంటల్లో అంత ఎందుకు పెరిగింది? నాకు తెలుసుకోకపోతే కాలు నిలవదు. ఫారం కింద పెట్టేశాను. ఆయన పక్కన కూర్చుని, గువ్వలంక వాకిట్లో అడిగినట్టే అడిగాను.

"బాబాయిగారూ, మాత్ర?"

ఆయన మొహం వెలిగిపోయింది. "మానతానాండీ! ఆరున్నరకి వేసుకున్నాను. మీరు చెప్పాక ఒక్కరోజు మానలేదండి."

 పదిహేడో ప్రశ్న గుర్తొచ్చింది.

"మాత్ర వేసుకున్నాక ఏం చెయ్యమన్నాను?"

ఆయన మేడమ్‌ని మళ్ళీ చూశారు. తర్వాత నా దగ్గరికి వంగి, రహస్యం చెప్పినట్టు, "చెప్పినట్టే చేశానండి" అన్నారు.

ఏడు గంటలకి. పిన్నిగారు ఇంటి నుంచి తెచ్చిన చద్దన్నం, కొరమీను పులుసు. వార్డు నర్సు చూస్తే తిడుతుందని దుప్పటి కప్పుకుని తిన్నారట. పది తర్వాత తినొద్దని నేను చెప్పిన మాటా ఆయనకు గుర్తే. కానీ మాత్ర వేసుకుని తినకపోతే పడిపోతారని చెప్పింది కూడా నేనే, నాలుగేళ్ళ నుంచి, మైకులో. రెండూ నా మాటలే, రెండూ కుదరవు. ఆయన పాత మాటని పట్టుకున్నారు. మరి ఇందాక లేదని ఎందుకన్నారండీ అని అడిగితే, "ఇది మీ పరీక్షంట కదండీ, వార్డులో అనుకుంటున్నారు. నేను తిన్నానంటే ఆపేస్తారు, మీ పరీక్ష పోద్ది. నా మూలాన మీకు మాటెందుకని" అన్నారు.

నిండు కడుపుతో మత్తిస్తే ఏమవుతుందో నాకు ఆరు నెలల్లో ఆరువందల సార్లు చెప్పారు. మత్తులో కడుపులోది గొంతులోకి వస్తుంది. దగ్గు రాదు, మింగుడూ ఉండదు. నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నా చేత్తో నేనే పాల రంగు మత్తుమందు ఎక్కించి, నా పరీక్ష పాసవ్వాలని ముచ్చటపడ్డ మనిషిని చంపుకునేదాన్ని. 

"ఆపండి. తిన్నారు" అన్నాను పైకి.

శ్యామ్ సుందర్‌గారు చేతులు దించి, "వార్డు వాళ్ళకి బుద్ధి లేదా? మాత్ర ఎవరిచ్చారు? తినద్దని ఎవరూ చెప్పలేదా?" అని అరిచారు. వార్డు నర్సు తలుపు దగ్గరే బిక్కచచ్చిపోయింది. పాపం, ఆ అమ్మాయి మాత్ర ఇవ్వలేదు. అది బాబాయిగారి సంచిలోది.

అప్పుడు ఊరుకుంటే నాకేమీ అయ్యేది కాదు. పేషంటు అబద్ధమాడాడు, నఫీసా కనిపెట్టింది, శభాష్. ఫారంలో పదిహేడో ప్రశ్నకి టిక్కు ఉంది, కింద నా సంతకం ఉంది. చెప్పాను, ఆయనే మర్చిపోయాడు అంటే ఆయన కూడా ఆయ్, అవునండి అనేసేవారు. నా కోసం ఆయన ఏమైనా అనేస్తారు. అది తల్చుకుంటేనే నాకు ఒళ్ళు మండింది, ఆయన మీద కాదు, నా మీద.

"మాత్ర వద్దని చెప్పాల్సింది నేనండి" అన్నాను. "చెప్పలేదు. చెప్పకుండానే టిక్కు పెట్టాను."

 స్టెల్లా మేడమ్ ఫారం తీసుకుని పదిహేడో ప్రశ్న దగ్గర వేలు పెట్టి చూశారు. పెన్ను నా చేతికిచ్చారు.

"రాయి."

ఆ టిక్కు పక్కన 'చెప్పలేదు' అని రాసి సంతకం పెట్టాను. అక్షరాలు వంకరపోయాయి.

"ఇంకెన్ని?" అన్నారు.

"తొమ్మిదండి. తెలుసు కదా అని."

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. "శుక్రవారం మొదటి కేసుగా పెడతాం. ఆ పెద్దాయన నిన్ను చూసి వచ్చాడు, అందుకని శుక్రవారం దాకా ఉంటావు. తర్వాత సంగతి తర్వాత" అని లోపలికి వెళ్ళిపోయారు. పుస్తకంలో సంతకం చోటు ఖాళీగానే ఉంది.

ఆ సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఆయన అంతా విని, "ఆయన బాగానే ఉన్నాడా?" అని అడిగారు. ఉన్నాడన్నాను. "అయితే అన్నం తిని పడుకో" అన్నారు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

గురువారం సాయంత్రం మళ్ళీ ఫారం పట్టుకెళ్ళాను. కుర్చీ వేసుకుని, మొదటి ప్రశ్న నుంచి ఇరవై రెండో ప్రశ్న దాకా వరుసగా అడిగాను.

"కట్టుడుపళ్ళున్నాయాండీ?"

"మీకు తెలీదాండీ?"

"తెలీదు, చెప్పండి."

"లేవండి. ఏం డాక్టరమ్మా, కోపమా?" అన్నారు బాబాయిగారు దిగులుగా.

"మీ మీద కాదండీ" అన్నాను. "ఆరేళ్ళూ నేనే చెప్పాను, మీరే విన్నారు. ఇవాళ మీరు చెప్పండి, నేను వింటాను. నాకు నచ్చకపోయినా సరే, జరిగిందే చెప్పండి."

ఆయన పిన్నిగారి వంక చూసి, "అయితే ఒకటుందండీ. బీడీ మానలేదు. రోజుకి రెండు. మీరు బాధపడతారని చెప్పలేదు" అన్నారు.

నేను రాసుకున్నాను. పదిహేడో ప్రశ్న దగ్గర పిన్నిగారి చేతే మాత్రల రేకు తీయించి నా జేబులో వేసుకున్నాను. నేను లేచేముందు ఆయన, "మరి ఇవి వేసుకోకుండా, తినకుండా ఉంటే పడిపోనాండీ?" అని అడిగారు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను తిరిగి ప్రశ్న అడగడం అదే మొదటిసారి. కూర్చుని అంతా వివరంగా చెప్పాను.

శుక్రవారం తొమ్మిదింటికి ఆయన టేబుల్ మీద పడుకున్నారు. షుగర్ నూట ఇరవై నాలుగు. కడుపు ఖాళీ, నాలుగు విధాలుగా అడిగి తెలుసుకున్నాను. నేను ఆయన తల దగ్గర నిలబడి మాస్కు పట్టుకున్నాను. స్టెల్లా మేడమ్ పక్కన సిరంజి పట్టుకున్నారు.

"రూబెన్‌ని నిలదీస్తే పేషంటును అడిగాననే అన్నాడు. పళ్ళసెట్టు చేతిలో పెట్టినా అడిగాననే అన్నాడు" అన్నారు ఉన్నట్టుండి, నా వంక చూడకుండా.  ఎందుకు చెబుతున్నారో నేను అడగలేదు.

"బాబాయిగారూ, పొద్దున్నే లేచి మీరేం చేస్తారో చెప్పండి" అన్నాను.

"నాలుగింటికి లేస్తానండి" అన్నారు మాస్కులోంచి. "మొహం కడుక్కుని, గట్టు ఒకసారి తిరిగొస్తాను. అప్పుడు మాత్ర. మాత్ర వేసుకున్నాక..."

అంతే. రెప్పలు వాలిపోయాయి. కాసేపటికి ఛాతీ కదలడం కూడా ఆగింది.

"ఊపిరి తీసుకోండి బాబాయిగారూ" అన్నాను. అలవాటులో వచ్చేసింది.

"ఎవరితో మాట్లాడుతున్నావు? నొక్కు" అన్నారు మేడమ్.

నాలుగేళ్ళు నేనేం చెబితే అది చేసిన మనిషి. కూర్చోమంటే కూర్చున్నారు, తినమంటే తిన్నారు, దుప్పటి కప్పుకుని మరీ తిన్నారు. ఇప్పుడు ఊపిరి తీసుకోమంటే తీసుకోరు. నా మాట ఆయన దాకా పోదు. దవడ వెనక వేళ్ళు పెట్టి ఎత్తి, రెండో చేత్తో గాలి సంచి నొక్కాను. ఛాతీ లేచింది. వదిలాను, దిగింది. మళ్ళీ నొక్కాను. మిషన్ కూత ఎక్కడా బొంగురుపోలేదు. గొంతులో గొట్టం వేసి, రెండు పక్కలా గాలి వెళుతోందని విని, టేపు అంటించేదాకా నేను ఒక్క మాట మాట్లాడలేదట. తర్వాత అందరూ అదే చెప్పుకున్నారు.

గంటా పది నిమిషాల్లో శ్యామ్ సుందర్‌గారు రాళ్ళు తీసి చూపించారు, శనగగింజలంత, పదమూడు. మందు ఆపాను. కాచుకుని కూర్చున్నాను. ముందు ఒక చిన్న ఊపిరి, ఆయనదే. తర్వాత ఇంకోటి. వేళ్ళు కదిలాయి. గొట్టం తీసి గొంతు శుభ్రం చేసి, "బాబాయిగారూ, కళ్ళు తెరవండి" అన్నాను.

తెరిచారు. నా మాట మళ్ళీ ఆయన దాకా వెళ్ళింది. నాకు కళ్ళు చెమర్చి మాస్కు తడిసిపోయింది.

ఆయన కొంతసేపు నన్ను పోల్చుకుంటున్నట్టు చూశారు. పెదాలు తడుపుకున్నారు.

"ఇప్పుడు తినొచ్చాండీ?" అన్నారు.

ఆ ప్రశ్నకి జవాబు నా నోటి చివరే ఉంది. ఆరేళ్ళ నుంచి అక్కడే ఉంటుంది ఏదో ఒక జవాబు. వెనకాల స్టెల్లా మేడమ్ నిలబడి ఉన్నారని తెలుసు. ఆవిడ కోసం కాదు, ఆయన కోసమే నోరు మూసుకున్నాను.

"ఒక్క నిమిషం ఆగండి. చూసి చెబుతాను" అని ఫారం చేతిలోకి తీసుకున్నాను.

చదువుతూ ఉండగా, వెనక నా పుస్తకం పేజీ తిప్పిన చప్పుడూ, పెన్ను మూత తీసిన చప్పుడూ వినిపించాయి.